అడ్డం అవనిగడ్డ, నిలువు పులిగడ్డ

భూమికి గడ్డం వచ్చింది, సున్న రాలిపోయింది; కాబోయే పంతుళ్లు చేరే ఊరు (5).

చదవగానే మనసు గడ్డం పెరిగిన భూగోళాన్ని ఊహించుకుంటుంది. ఆ బొమ్మలోనే ఉంది మోసమంతా. బొమ్మను పక్కన పెట్టి మాటల్ని విడివిడిగా పట్టుకోండి. భూమికి పర్యాయపదం అవని. గడ్డంలో చివరి సున్న తీసేస్తే మిగిలేది గడ్డ. రెండూ పక్కపక్కన పెడితే అవనిగడ్డ, లెక్కకు సరిగ్గా ఐదు గళ్లు. ఆధారంలో రెండో సగం అదే జవాబును ఇంకో దారిన చెబుతుంది. డీఎస్సీ కోచింగ్ కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, పుస్తకాల మీద తెల్లవార్లూ కూర్చునే అభ్యర్థులకు పేరుపడ్డ ఊరు అదే. రెండు దారులూ ఒకే ఊరికి చేరాయంటే జవాబు సరైనదే. రేపటి పేపర్లో వచ్చే సమాధానం కోసం ఎదురుచూడనక్కర్లేదు.

పేపర్లో పజిల్ నింపేవాళ్లను చూస్తే ఇంట్లోవాళ్లకు లోకువ. పొద్దుపోక చేసే పని అంటారు. మహా అయితే మాటల సంచి పెరుగుతుందని సర్దిచెబుతారు. నా లెక్కలో దాని విలువ అది కాదు. బళ్లో మార్కుల కోసం బట్టీపట్టి మరిచిపోయిన సంధులు, ప్రకృతి వికృతులు, నానార్థాలు, గుణింతాలు మళ్లీ చేతికి పనిముట్లయ్యే చోటు తెలుగులో ఇదొక్కటే. ఆ మాట నిరూపించడానికి కృష్ణ రెండు పాయల మధ్య, అవనిగడ్డ ఉన్న దివిసీమనూ దాని చుట్టుపక్కలనూ ఇతివృత్తంగా తీసుకుని కొన్ని ఆధారాలు అల్లాను. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

ముందు ఆట పుట్టుక సంగతి. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్లు గీసి మొదటి పజిల్ ప్రచురించాడు. ఆధారాన్ని తికమకగా రాసే పద్ధతి తరవాత ఇంగ్లండులో ముదిరింది. తెలుగులో ఈ ఆటకు పెద్దపీట వేసినవాళ్లు చిన్నవాళ్లేం కాదు. ఆరుద్ర గళ్ల నుడికట్టు కూర్చారు. విజయవాడ నుంచి వెలువడే స్వాతి మాసపత్రికలో శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక నడిపారు. కవిత్వంలో మాటను ఎక్కడ విరిస్తే మోగుతుందో తెలిసినవాళ్లకు గళ్లలో ఎక్కడ విరిస్తే ముడిపడుతుందో తెలియడంలో వింతేముంది?

తెలుగులోకి వచ్చాక ఆట స్వరూపమే మారింది. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం, ఉన్నవి 26. మనకూ గడికి ఒక అక్షరమే, కానీ ఆ అక్షరం గుణింతాన్నీ ఒత్తునూ సున్ననూ వెంటబెట్టుకుని వస్తుంది. స్త్రీ ఒక్క గడిలో ఇమిడిపోతుంది. పందెం రెండే గళ్లు. పుస్తకం అంటే మూడు, పుస్తకము అంటే నాలుగు. కూర్చేవాడు ఏది కోరుతున్నాడో గళ్ల సంఖ్యే చెబుతుంది. క అనే ఒక్క హల్లుకే డజన్లకొద్దీ రూపాలు ఉండటంతో కూర్చేవాడికి అడ్డాన్నీ నిలువునూ కలపడం ప్రాణసంకటం. నింపేవాడికి మాత్రం వరం. ఒక్క గడి దొరికినా అది జవాబును చాలా దగ్గరికి తెస్తుంది.

అక్షరం విడిపోకుండా కదులుతుంది గనక మన తిరగేతల అందం కూడా వేరు. ఈ ఆధారం చూడండి: తిరగబడ్డ కలం ఏటి మధ్య తేలింది (2). కలంలో రెండు గళ్లు, క, లం. వెనక నుంచి చదివితే లంక. సున్న తన అక్షరాన్ని వదలకుండా ముందుకు వచ్చేసింది. నాగాయలంక వైపు పెరిగినవాళ్లకు లంక అంటే ముందు గుర్తొచ్చేది ఏటి నడుమ మెరక, రావణుడు తరవాత. అందుకే ఈ ఆధారంలో రావణుడి ఊసు ఎత్తలేదు. ఇతివృత్తం దివిసీమ అయినప్పుడు మాటకు దివిసీమ అర్థమే వాడాలి.

ఇక విరుపు. భారం వేసి అమ్మను తలిస్తే సుబ్రహ్మణ్యుడు పలికాడు (4). దేవుడి మీద భారం వేయడం మనకు అలవాటైన మాట కాబట్టి వాక్యం భక్తిగా సాగిపోతుంది. కానీ ఇక్కడ భారం వేసి అంటే మోపి. అమ్మ అంటే దేవి. కలిపితే మోపిదేవి. పేరులో దేవి ఉన్నా గుడిలో కొలువైనది సుబ్రహ్మణ్యేశ్వరుడు. ఆధారం చివర వచ్చిన మెలిక కల్పించింది కాదు, ఆ ఊరి పేరులోనే ఉంది. కూర్చేవాడికి ఇలాంటిది దొరకడం అదృష్టం.

ప్రకృతి వికృతులకు ఇదిగో: అంచల ద్వీపం, కృష్ణమ్మ ప్రయాణం ముగిసే చోటు (5). హంసకు వికృతి అంచ, ద్వీపానికి వికృతి దీవి. మొదటి మాటను వికృతి నుంచి ప్రకృతికి ఎక్కించాలి, రెండోదాన్ని ప్రకృతి నుంచి వికృతికి దించాలి. జవాబు హంసలదీవి. రెండింటినీ ఒకే వైపు మార్చబోతే గళ్లు సరిపోతాయి గానీ ఊరి పేరు రాదు.

గుణింతంతో ఆడుకునేది ఇంకోటి. గజ్జెకు కొమ్ము పోయి ఒత్వం వచ్చింది. క్షేత్రయ్య కొలిచిన గోపాలుడి ఊరు (2). మువ్వలో ము కొమ్ము వదిలి ఒత్వం తొడుక్కుంటే మొవ్వ. ఆ పక్కనే ఉన్న ఊరికి మాటల విరుపుతో పనిలేదు, కథ తెలిస్తే చాలు: భామ తెర మీదికి జడ విసిరిన ఊరు (4). తెర అనగానే సినిమా వైపు పరిగెత్తినవాళ్లు దొరికిపోతారు. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ రంగప్రవేశానికి ముందు తెర వెనక నిలబడి, జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నన్ను గెలిచేవాళ్లెవరని సవాలు అది. ఊరు కూచిపూడి.

అన్నిటికంటే తూచి రాయాల్సింది ఇది: లవణానికి సాటి కలిసింది, సంధి కుదిరింది, దివిసీమకు 1977 నవంబరు 19 (3). లవణం ఉప్పు. సాటికి ఎన అనే మాట ఉంది, ఎనలేని అన్నప్పుడు మనం వాడేది అదే. ఉప్పు, ఎన కలిసినప్పుడు ఉత్వసంధి జరిగితే ఉప్పెన. ఆ మాట నిజంగా ఇలా పుట్టిందని కాదు, ఇది ఆట కోసం చేసిన విరుపు మాత్రమే. ఇందులో నవ్వు పుట్టించే మాట ఒక్కటీ ఉండకూడదు. ఆ రోజు వేలమందిని పోగొట్టుకున్న సీమ ఇది. కెరటం నుంచి బతికి బయటపడ్డవాళ్లు కూడా పొద్దున్నే ఇదే పేపరు తెరుస్తారు. ఒక ఊరిని ఇతివృత్తంగా తీసుకున్నప్పుడు ఆ ఊరివాళ్ల ముందు చదవగలిగిన ఆధారమే రాయాలి.

ఇప్పుడు అల్లిక. అవనిగడ్డను అడ్డంగా వేస్తే నాలుగో గడిలో గ పడుతుంది. అదే గ మీదుగా నిలువుగా దిగేది: మృగానికి లేచిన కురుపు, ఇక్కడి వంతెన దాటితే పెనుమూడి (4). పులి, గడ్డ, కలిస్తే పులిగడ్డ. ఒక ఆధారంలో గడ్డంలోంచి వచ్చిన గడ్డ, ఇంకోదానిలో కురుపైంది. ఒకే మాటను రెండు వేషాల్లో చూపడం కూర్చేవాడి సరదా, దాన్ని కనిపెట్టడం నింపేవాడి సరదా. హంసలదీవిని అడ్డంగా వేస్తే చివరి గడిలో వి. మోపిదేవిని నిలువుగా ఆ వి దగ్గరే ముగించవచ్చు. అమ్మ, భారం అంటూ తడుముకుంటున్నవాళ్లకు చివరి అక్షరం వి అని తెలియగానే ముడి సగం వీడిపోతుంది.

ఇతివృత్తం ఉన్న పజిల్‌కి ఒక తాళంచెవి అదనం. రెండు ఊళ్లు దొరికాక మూడోదీ ఊరే అయ్యుంటుందని తెలుస్తుంది. ఆ సౌకర్యమే ప్రమాదం కూడా. దివిసీమ ఊళ్లు అని పైన శీర్షిక పెట్టేస్తే ఆధారాలు చదవకుండానే పటం చూసి నింపేయొచ్చు. రెండు పాయల మధ్య అని పెడితే ఇతివృత్తాన్నే ముందు ఛేదించాలి. వెతికేవాడి కంటికి లేని ఇతివృత్తం కూడా కనిపిస్తుందనడానికి రెండో ప్రపంచయుద్ధం నాటి ముచ్చట ఒకటుంది. 1944లో నార్మండీ దాడికి ముందు లండన్ డైలీ టెలిగ్రాఫ్ పజిల్స్‌లో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్ వంటి రహస్య సంకేతాలు వరసగా జవాబులై వచ్చాయి. గూఢచారులు వెళ్లి కూర్చిన పెద్దమనిషిని ప్రశ్నించారు. ఆయన లియొనార్డ్ డా అనే బడిపంతులు. గూఢచర్యమేదీ రుజువు కాలేదు.

ఈ ఆట పడమటి నుంచి వచ్చినా, దీనికి కావలసిన బుర్ర మనకు ముందే ఉంది. అవధానంలో న్యస్తాక్షరి అని ఒక అంశం. ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం పడాలని పృచ్ఛకుడు ముందే బిగిస్తాడు, ఆ కట్టుబాటు మధ్య అర్థమున్న పద్యం నడవాలి. నిలువు నుంచి వచ్చిన అక్షరాన్ని కదపకుండా అడ్డం నింపడమూ ఇదే. సమస్యాపూరణంలో పైకి అసంబద్ధంగా కనిపించే పాదాన్ని వేరేచోట విరిచి సబబు చేస్తారు. మోపి, దేవి అని విరిచినప్పుడు మనం చేసింది అదే. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పంతులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యుడు. మాటను విరిచే విద్యను బళ్లో కూర్చుని నేర్చుకున్న నేల ఇది.

మంచి ఆధారానికి ధర్మం ఉంది. అబద్ధం చెప్పకుండా తప్పుదారి పట్టించాలి. నిజమంతా వాక్యంలోనే ఉండాలి, దాక్కుని ఉండాలి. మన రోజువారీ పజిల్స్‌లో ఈ ధర్మం తరచూ తప్పుతుంది. ఒక మూల ఇరుక్కుంటే సూర్యరాయాంధ్ర నిఘంటువులోంచి ఎవరూ వాడని రెండక్షరాల మాట తెచ్చి కుక్కుతారు. అదీ దొరక్కపోతే తడబడింది, చెల్లాచెదురైంది, సగమే ఉంది అని రాసి ఏ ముక్కనైనా పడేస్తారు. పర్యాయపదం ఒక్కటే ఇచ్చి ఊరుకునేవి ఇంకా ఎక్కువ. నింపేవాడు అక్కడ జ్ఞాపకశక్తి పరీక్ష రాస్తున్నాడు తప్ప ఆట ఆడటం లేదు.

అవనిగడ్డలో తెలుగు పేపరుకు చదివే అభ్యర్థులకు నా సలహా ఒకటే. ప్రకృతి వికృతుల జాబితాను బట్టీపట్టడానికి బదులు వాటితో రోజుకో ఆధారం రాయండి. రాయాలంటే మాటకున్న అర్థాలన్నీ కదపాలి, ఎక్కడ విరుగుతుందో చూడాలి, గుణింతం మారితే ఏమవుతుందో ప్రయత్నించాలి. అలా పది మాటలతో కుస్తీపడ్డవాళ్లకు పరీక్షలో పదకొండోది కొత్తదైనా బెదురుండదు. రేపు ఉద్యోగమొచ్చి నల్లబల్ల ముందు నిలబడ్డప్పుడు పాఠమూ సిద్ధంగా ఉంటుంది. సంధి సూత్రం చెప్పించుకుంటే నిద్రపోయే పిల్లలు, సంధిలో దాచిన ఊరి పేరు వెతకమంటే పోటీపడతారు.

ఒకటి మీకు వదిలేస్తున్నాను. మజ్జిగకు హైదరాబాదు వేరుశనగ తోడైతే జమీందారీ ఊరు (4). జవాబు ఇక్కడ చెప్పను. తోడు అనే మాట చూసి పెరుగు గిన్నె దాకా వెళ్లకండి. అప్పటికీ తేలకపోతే అవనిగడ్డలో బందరు బస్సెక్కి, మోపిదేవి దాటాక దుకాణాల బోర్డులు చదవండి.