ఎమ్మే వెంటపడిన అమ్మాయి

పెళ్ళి ప్రకటనల్లో అమ్మాయి ఎత్తూ, రంగూ, నక్షత్రమూ అయ్యాక తరచుగా ఒక మాట కనిపిస్తుంది: "పర్స్యూయింగ్ ఎమ్మే". మీరూ చూసే ఉంటారు. మాటలో తప్పేమీ లేదు. 'పర్స్యూ' అంటే వెంటపడడం. దొంగ వెంట పోలీసు పడ్డా అదే మాట, చదువు వెంట మనిషి పడ్డా అదే మాట. దరఖాస్తులో రాస్తే హుందాగా ఉంటుంది. నోటితో అంటే మాత్రం పట్టుచీర కట్టుకుని కూరల బజారుకి వెళ్ళినట్టుంటుంది. ఇంగ్లీషువాళ్ళు మాటల్లో "డూయింగ్ యాన్ ఎమ్మే" అనేస్తారు. అచ్చం మన "ఎమ్మే చేస్తున్నా"నే!

మనం తడబడేది 'స్టడీయింగ్' దగ్గర. తెలుగులో చరిత్రనీ చదువుతాం, ఎమ్మేనీ చదువుతాం. ఇంగ్లీషు వ్యాకరణం పట్టింపున్నవాళ్ళు చదివేది చరిత్రని. ఎమ్మే ఆ చదువుకి చేతికొచ్చే పట్టా. అందుకని మధ్యలో ఒక 'ఫర్' వేస్తారు: "స్టడీయింగ్ ఫర్ యాన్ ఎమ్మే ఇన్ హిస్టరీ". ఇక "పోస్ట్ గ్రాడ్యుయేషన్ చేశాను" అన్నది మన దేశపు సొత్తు. అమెరికాలో ఆ చదువు గ్రాడ్యుయేట్ స్కూల్లో చదువుతారు. గ్రాడ్యుయేషన్ అంటే వాళ్ళకి పట్టా పుచ్చుకునే సంబరం. సంబరమయ్యాక ఈవిడ ఏం చేసిందో అనుకుంటారు పాపం! మాస్టర్స్ అంటే ఏ గొడవా లేదు.

ఇదంతా ఒక పూటలో వచ్చేస్తుంది. నాకు గుచ్చుకునేది వేరు. ప్రకటనలో ఆ 'పర్స్యూయింగ్' రాసేది చాలా ఇళ్ళల్లో నాన్నో, మేనమామో. అందులో పూర్తి చేయిస్తామన్న హామీ లేదు, మానిపించామన్న నిందా లేదు. మంచి సంబంధం కుదిరితే పరీక్షలు ఆగినా అడిగేవాళ్ళుండరు. తెలుగులోనూ ఇలాంటి మాటే ఒకటుంది: 'చదివించాం'. పెళ్ళికి ముందు నాన్న చదివించాడు, తర్వాత మొగుడు చదివించాడు. మరి ఆ పిల్ల చదవలేదూ?

నాకిష్టమైన మాట 'కట్టడం'. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వచ్చింది. 1991 నుంచి దానికి అంబేద్కర్ పేరు. అలాంటి చోట "బీయేకి కట్టాను, ఎమ్మేకి కట్టాను" అనే ఆవిడ పిల్లల్ని బడికి పంపి, కుక్కరు దించి, పుస్తకం తీసినావిడ. ఫీజూ తనే కట్టింది, పరీక్షా తనే రాసింది. దీన్ని ఇంగ్లీషులో చెప్పడానికి 'పర్స్యూయింగ్' అక్కర్లేదు. "అయామ్ డూయింగ్ యాన్ ఎమ్మే" చాలు. ఆ 'యాన్' మాత్రం మరచిపోకండి. 'ఎమ్' చూడ్డానికి హల్లే అయినా, పలికితే అచ్చుతో మొదలవుతుంది మరి.