సెల్ఫ్ కొట్టాక మొదలయ్యే పని

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా హైవే పొడుగునా చాలా మెకానిక్ షెడ్లలో వెనక గోడవారగా ఒకటో రెండో పాత కార్లు దుమ్ము పట్టి ఉంటాయి. బానెట్ ఎత్తితే ఇంజన్ ఉంటుంది. తాళం తిప్పితే స్టార్ట్ అవుతుంది కూడా. కానీ బండి షెడ్డు దాటదు. వైర్లు వేలాడుతుంటాయి. సైలెన్సర్‌ను తీగతో కట్టి ఉంచుతారు. ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఒకటి, బ్లాకు మీద నంబరు ఇంకొకటి. ఇంజన్ మార్పిడి మొదలుపెట్టేవాళ్లు ఎందరో, ముగించేవాళ్లు కొందరే. నా పాత అంబాసిడర్‌ను ఇస్నాపూర్ దగ్గర షెడ్డులో పెట్టి పని దగ్గరుండి చూశాక, ఈ ముగించడమే అసలు విద్య అని నమ్ముతున్నాను.

అంబాసిడర్‌కు ఇంజన్ మారడం కొత్త కాదు. 1950ల చివర వచ్చినప్పుడు దానికి సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. కొన్నాళ్లకే 1489 సీసీ బీఎంసీ ఇంజన్ వచ్చింది. తర్వాత డీజిల్, 1990ల్లో జపాన్ వాళ్ల ఇసుజు 1817 సీసీ పెట్రోల్ ఇంజన్. దాంతో ఐదు గేర్లు వచ్చాయి, స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరు కిందికి దిగింది. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా ఆ ఒంటి రూపం పెద్దగా మారలేదు, గుండె మాత్రం మారుతూ వచ్చింది.

జపాన్ ఇంజన్లు మన సంగారెడ్డి జిల్లాకూ పాత చుట్టాలే. 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారు చేసింది. టొయోటా, మజ్దా, మిత్సుబిషి కూడా ఆ కాలంలోనే ఇక్కడి కంపెనీలతో కలిసి దేశంలోకి వచ్చాయి. జహీరాబాద్ ఫ్యాక్టరీ ఆ తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. ఆ బండ్లు విప్పి, బిగించి నేర్చుకున్న మేస్త్రీలు ఈ రోడ్డు మీద ఇంకా ఉన్నారు.

నాది ఇసుజుతో పుట్టిన అంబాసిడర్. నా చేతికి వచ్చేనాటికే పాత యజమానుల్లో ఎవరో పెట్రోల్ ఖర్చు భరించలేక ఆ ఇంజన్ పీకించి, ఒక వ్యాన్ డీజిల్ ఇంజన్ కూర్చోబెట్టించారు. కాగితాల్లో పెట్రోల్, బండిలో డీజిల్! అలాంటి ఇసుజు ఇంజనే ఒకటి గేర్‌బాక్స్‌తో సహా పాత కాంటెస్సా కారులోంచి దొరికింది. దాన్ని ఎక్కించి బండిని మళ్లీ కాగితంతో కలపాలన్నది నా కోరిక.

ఇంజన్ ఎక్కించడం చూడముచ్చటగా ఉంటుంది. చైన్ పుల్లీకి వేలాడుతూ అది మెల్లగా దిగుతుంటే షెడ్డులో అందరూ చేతిలో పని ఆపి వస్తారు. మౌంటింగ్ బ్రాకెట్లకు ముందు చుక్క వెల్డింగ్ పెట్టారు. కొలతలు సరిచూసుకున్నాకే పూర్తి వెల్డింగ్ వేశారు. సెల్ఫ్ కొట్టగానే అంటుకుంది. కుర్రాళ్లు ఈలలు వేశారు. మేస్త్రి మాత్రం, "ఇంజన్ నడిచింది సార్. బండి ఇంకా కాలే" అన్నాడు.

ఆయన మాట రోడ్డెక్కగానే తెలిసొచ్చింది. అరవై దాటితే చాలు, సీటు కింద సన్నటి వణుకు. మేస్త్రి అదే స్పీడులో గేరు న్యూట్రల్‌లో వేసి బండిని జారనిచ్చాడు. ఇంజన్ చప్పుడు తగ్గింది, వణుకు తగ్గలేదు. అంటే తప్పు ఇంజన్‌ది కాదు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ప్రొపెల్లర్ షాఫ్ట్ కొన్ని చుట్లు తిరుగుతుంది. అందుకే చక్రం ఊపు వేరు, షాఫ్ట్ వణుకు వేరు. అరచేయి ఫ్లోర్ మీద పెట్టి ఆయన ఇది షాఫ్ట్ పనే అని తేల్చేశాడు.

విప్పి చూస్తే కారణం కళ్లెదుటే ఉంది. డీజిల్ గేర్‌బాక్స్‌కు సరిపోవాలని ఎప్పుడో షాఫ్ట్‌ను కోసి అతికారు. అతికినప్పుడు రెండు కొసల యోకులు ఒకే వరసలో పడలేదు. షాఫ్ట్ కొసన ఉండే యూజే (యూనివర్సల్ జాయింట్) క్రాస్ వంగి తిరిగేటప్పుడు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. అవతలి కొసన ఉన్న క్రాస్ అంతే కోణంలో, అదే వరసలో ఉంటే ఆ హెచ్చుతగ్గును సరిచేస్తుంది. లేకపోతే ఆ వణుకంతా బండిలోకి వస్తుంది. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక లేత్ షాపులో షాఫ్ట్‌ను మళ్లీ కోసి, యోకులు వరసకు తెచ్చి, వెల్డింగ్ చేసి, బ్యాలెన్స్ చేయించాం. ఇటు గేర్‌బాక్స్, అటు డిఫరెన్షియల్ ఒకే కోణానికి వచ్చేదాకా వెనక మౌంటింగ్ కింద మేస్త్రి రేకులు పెట్టి తీస్తూనే ఉన్నాడు.

ఎర్త్ సంగతి ఇంకా చిన్నది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరు కరెంటును పోనివ్వదు. బ్యాటరీ ఎర్త్ బాడీకి ఉంటుంది. కాబట్టి ఇంజన్‌కూ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి బిగించాలి. అది లేకున్నా సెల్ఫ్ తిరగొచ్చు. కానీ అంత కరెంటూ చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ లాంటి సన్నటి తీగల్లోంచి దారి వెతుక్కుంటుంది. ఏదో ఒకరోజు అవి వేడెక్కి పట్టేస్తాయి, కాలిపోతాయి. మేస్త్రి బండి బాడీ మీద రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, పట్టీ బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశాడు. తర్వాత మీటరు ముల్లు ఒకటి ఇంజన్ బ్లాకుకు, ఇంకొకటి బ్యాటరీ మైనస్‌కు ఆనించి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. మీటరు అర వోల్టు లోపే ఆగేసరికి తల ఊపాడు.

డీజిల్ వాసన పోయేదాకా ట్యాంకు కడిగారు, పెట్రోల్ పైపులు కొత్తవి వేశారు, బ్రేకులు విప్పి చూశారు. రేడియేటర్‌కు పరీక్ష ఖాళీ రోడ్డు మీద పెట్టలేదు. మధ్యాహ్నపు ఎండలో, ఇస్నాపూర్ చౌరస్తాలో, లారీల మధ్య నత్తనడకన పోతున్నప్పుడు పెట్టారు. బండి పరుగెత్తితే గాలి దానంతటదే తగులుతుంది. నిలబడి ఉన్నప్పుడే ఫ్యానుకూ రేడియేటర్‌కూ అసలు పని.

చివరిది ఆర్‌టీఏ పని. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. కంపెనీ ఇచ్చిన రకం ఇంజనే వేసినా ఆర్‌టీఏ అనుమతి కావాలి, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కాలి, ఇన్సూరెన్స్ వాళ్లకు తెలపాలి. ఇంజన్ ఎక్కడ కొన్నదీ చూపే రసీదు దగ్గరుండాలి. ఈ కాగితాలు లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ఎంత మంచి మేస్త్రి పనీ యజమానిని కాపాడలేదు.

పెద్ద ఫ్యాక్టరీల్లో ఈ ముగింపు పని తప్పదు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో టర్బైన్ రోటార్ బ్యాలెన్స్ చూడకుండా బయటికి పంపరు. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో సైన్యం కోసం తయారయ్యే బండి తనిఖీ కాకుండా గేటు దాటదు. అక్కడ చేసేవాళ్లు వేరు, చూసేవాళ్లు వేరు. చూసేవాళ్లకూ జీతం ఉంటుంది. రోడ్డు పక్క షెడ్డులో ఆ రెండో మనిషి లేడు, చేసిన మనిషే చూసుకోవాలి. కానీ మనం కూలి కట్టేది ఇంజన్ దించి ఎక్కించినందుకే. సెల్ఫ్ కొట్టిన రోజే లెక్క తేల్చేస్తాం. ఎర్త్ పట్టీకి, షాఫ్ట్ కోణానికి, ఎండలో చేసిన పరీక్షకు ఎవరం పైసా కట్టం. పని అక్కడే ఆగిపోతుంటే తప్పు మేస్త్రీలదంటాం.

బండి పూర్తయిందనడానికి మా మేస్త్రి పెట్టుకున్న కొలత నాకు నచ్చింది. ఆ బండిని ఎన్నడూ చూడని మనిషికి తాళం ఇచ్చి పంపాలి. "చోక్ ఇట్ల గుంజాలె, ఆ స్విచ్ ముట్టొద్దు" అని ఒక్క మాట చెప్పాల్సి వచ్చినా పని మిగిలి ఉన్నట్టే.

ఇంజన్ మార్పించుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. బేరం కుదిరిన రోజే ముగింపు కూలి విడిగా మాట్లాడుకోండి. షాఫ్ట్, ఎర్త్, రేడియేటర్, బ్రేకులు, ఆర్‌సీ అని కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్కటి చూసి టిక్కు పెట్టాకే ఆ డబ్బు మేస్త్రి చేతిలో పెట్టండి, తొందరపెట్టకండి. ఈ హైవే పొడుగునా పనితనానికి కొదవ లేదు. ఆ పనితనం చివరిదాకా నడవడానికి కావాల్సిన కూలీ, తీరికా ఇవ్వాల్సింది బండి యజమానులమే.