మీట నొక్కితే సరిపోతుందా? సైన్స్ మ్యూజియంపై ఒక విమర్శ

పుస్తకాన్నీ నాటకాన్నీ విమర్శించినట్టే మ్యూజియాన్ని కూడా విమర్శించవచ్చు. అక్కడ రచయిత పేరు కనిపించదు. అయినా ఏ వస్తువు ఎక్కడ పెట్టాలి, చూడవచ్చినవారి చేత ఏం చేయించాలి, పక్కన బోర్డు మీద ఏం రాయాలి అన్నది ఎవరో నిర్ణయించారు. ఆ నిర్ణయాలే మన విమర్శకు విషయం.

తిరుపతిలో అలిపిరి దారిలో ఉన్న ప్రాంతీయ సైన్స్ కేంద్రం 1993లో మొదలైంది. నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ దీన్ని నడుపుతుంది. గుంతకల్లు వారు గుత్తి, తాడిపత్రి, కడప, రేణిగుంట మీదుగా రైల్లో కొండకు వెళ్లినప్పుడు వీలుంటే అక్కడ ఒక పూట గడపవచ్చు. ఆ ఒక్క పూటలో మనం ఏం నేర్చుకుని ఇంటికి వస్తామన్నదే అసలు ప్రశ్న.

'తాకరాదు' అన్న మ్యూజియం నుంచి 'తాకి చూడండి' అన్న మ్యూజియానికి రావడం చిన్న మార్పు కాదు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం స్థాపించిన భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్, అంతకుముందు కొలరాడోలోని ఒక చిన్న ఊరి హైస్కూల్లో సైన్స్ పాఠాలు చెప్పాడు. ఆ మ్యూజియం తీరులో బడిపంతులు జాడ తెలుస్తుంది.

అయితే తాకడం అంటే ఏమిటి? మీట నొక్కితే దీపం వెలుగుతుంది, బొమ్మ తిరుగుతుంది. ఎవరు నొక్కినా ఫలితం ఒకటే. కాలింగ్ బెల్ కొట్టడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. లోలకం అలా కాదు. గుండు బరువు మార్చండి, ఊగే కాలం మారదు. తాడు పొడవు నాలుగు రెట్లు చేయండి, కాలం రెట్టింపవుతుంది. 25 సెంటీమీటర్ల లోలకం ఒకసారి వెళ్లి రావడానికి సుమారు 1 సెకను, మీటరు లోలకానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. ఇక్కడ మీ ఊహ తప్పయ్యే అవకాశం ఉంది. మంచి ప్రదర్శనకు నేను పెట్టుకున్న గీటురాయి అదే.

సైన్స్ కేంద్రాల్లో తరచూ కనిపించే జంట శంకువును తీసుకోండి. రెండు శంకువులను వెడల్పు వైపులు కలిపి అతికించి, పైకి పోయేకొద్దీ ఎడం పెరిగే రెండు పట్టాల మీద ఉంచుతారు. అది ఎత్తుకు దొర్లుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి పట్టాలు విడిపోయేకొద్దీ శంకువు వాటి మధ్యకు దిగుతుంది, దాని గరిమనాభి కిందికే పోతుంది. బోర్డు సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. నా అసంతృప్తి ఇక్కడే మొదలవుతుంది. దీని దగ్గరి చుట్టం గుంతకల్లు జంక్షన్‌లో రోజూ మీ కళ్ల ముందే దొర్లిపోతోంది.

రైలు చక్రం పట్టాను ఆనే భాగం లోపలివైపు లావుగా, బయటివైపు సన్నగా ఉంటుంది. మామూలుగా వాలు 20కి 1. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి కలిసే తిరుగుతాయి. వంపులో మాత్రం బయటి పట్టా పొడవెక్కువ. ఇరుసు కాస్త బయటికి జరగగానే బయటి చక్రం లావు భాగం మీద, లోపలి చక్రం సన్న భాగం మీద నడుస్తాయి. ఒకే చుట్టులో బయటిది ఎక్కువ దూరం పోతుంది. కావాలంటే రెండు కాగితం టీ కప్పులను మూతులు కలిపి అతికించి, సమాన దూరంలో పెట్టిన రెండు కర్రల మీద దొర్లించండి. పక్కకు పోబోయి మళ్లీ మధ్యకు వస్తాయి. మరో రెండింటిని అడుగులు కలిపి అతికించి చూడండి, పడిపోతాయి. ప్రయోగశాల దూరంగా ఉన్న మీకు దీని ఖర్చు నాలుగు టీలు!

దీనికంటే పెద్ద లోటు నీటి విషయంలో ఉంది. అనంతపురం ప్రాంతంలో సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అడుగున గట్టి రాయి. లోతున నీరు ఉంటే ఆ రాతి పగుళ్లలోనే. పక్క చేలో నీళ్లు పడి, మన చేలో బోరు ఎండిపోవడం అందుకే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీటి జాడ చెప్పేవారిని నమ్మి బోరు వేయించిన రైతుకు, అది విఫలమైతే మిగిలేది అప్పు. పగుళ్లున్న రాతి నమూనాను మూసిన పెట్టెలో ఉంచి, ఎక్కడ తవ్వాలో సందర్శకుడినే ఎంచుకోమని, ఆ తర్వాత మూత తీసి చూపించే ప్రదర్శన ఈ ప్రాంతానికి గ్రహాల నమూనాకంటే ముందు కావాలి. పది చోట్ల తవ్వి ఎన్నిట్లో నీరు తగిలిందో అతను తానే లెక్కపెట్టుకుంటాడు.

అభ్యాసం: మీరు చూసిన ఏదైనా సైన్స్ ప్రదర్శనను ఎంచుకోండి. అందులో సందర్శకుడు ఏం మార్చగలడు? మారిస్తే ఫలితం మారుతుందా? దాని బోర్డును మీ ఊరి ఉదాహరణతో పది వాక్యాల్లో తిరిగి రాయండి.