ముందున్నవాటి తావు

ఉరవకొండ చుట్టూ ఏ పల్లెకైనా పొద్దుగూకే వేళ పోయి చూడండి. గొర్రెలు దొడ్డికి మళ్లుతుంటే వాటి మధ్యలోనే ఓ కుక్క నడుస్తూ కనిపిస్తుంది. మంద ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది. కుంటుతూ వెనకబడ్డ గొర్రె పక్కన అదీ నిలబడిపోతుంది. ఎక్కడి నుంచో తెచ్చిన మేలుజాతి కాదది, మన వీధిలో ఈనిన కుక్క పిల్లే. దాని తోడబుట్టినవి ఊర్లో కోళ్లను తరుముతుంటే ఇది గొర్రెను కాస్తోంది. చిన్నప్పుడు దాన్ని ఎక్కడ పడుకోబెట్టారన్నదానిలోనే ఉంది తేడా అంతా. ఇంట్లో ముందే కుక్కో పిల్లో కోళ్లో ఉండగా కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకునేవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు. నేను వాళ్లకు చెప్పేదంతా ఈ మందల దగ్గర నేర్చుకున్నదే.

మా వైపు నేను చూసిన కాపరులు పాలు మరిచే వయసు కుక్కపిల్లను తెచ్చి, గొర్రెపిల్లలను ఉంచే మూలలో వదులుతారు. కింద పాత కంబళి ముక్క వేస్తారు. అది అప్పటికే మందలో నలిగిన కంబళి, పోగుపోగునా గొర్రెల వాసన పట్టి ఉంటుంది. మొదటి రాత్రి కుక్కపిల్ల కుయ్యోమంటూనే ఉంటుంది. తెల్లారేసరికి గొర్రెపిల్లల వెచ్చదనంలో ముడుచుకుని నిద్రపోతుంటుంది. ఈనిన గొర్రె మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోదు. ముందుకాలితో నేలను టక్కున కొట్టి తల వంచుతుంది. కుక్కపిల్ల వెల్లకిలా పడి పొట్ట చూపిస్తుంది. గొర్రె ఆ పొట్టను, చెవులను వాసన చూసి, మూతితో ఒక తోపు తోసి, మేత వైపు తిరుగుతుంది. కాపరి పక్కనే ఉంటాడు, చూస్తుంటాడు, గాయమయ్యేట్టు ఉంటే తప్ప మధ్యలో దూరడు. ఓ పెద్దాయన దొడ్డిలో నేను ముచ్చటపడి కుక్కపిల్లను ఎత్తుకోబోతే ఆయన ఆపాడు. "సంకకెత్తుకోవద్దప్పా. మనిషి చెయ్యి మరిగితే మందను ఇడిసిపెట్టి ఇంటెంబడి వచ్చేస్తాది" అన్నాడు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే నేల మాది. శనక్కాయ పంట పోయిన ఏడు ఇల్లు నిలబెట్టేవి గొర్రెలే. మెట్టల్లో తోడేళ్లు ఇంకా తిరుగుతున్నాయి. ఎండాకాలం మందలు తుంగభద్ర కాలువల కిందికి మేతకు పోయి, రాత్రిపూట కోతలైన చేలల్లో దిగినప్పుడు, కాపరికి కాస్త కునుకు పట్టేది కుక్క ఉందన్న ధీమాతోనే. అందుకే కుక్కపిల్లను మందలో కలిపే పనిని వాళ్లు అంత శ్రద్ధగా చేస్తారు.

డార్విన్ 1833లో ఇప్పటి ఉరుగ్వే ప్రాంతంలో తిరిగినప్పుడు అచ్చం ఇలాంటి పెంపకమే చూసి తన యాత్రాగ్రంథంలో రాశాడు. అక్కడ కుక్కపిల్లను పసితనంలోనే తల్లి నుంచి వేరుచేసి, రోజుకు మూడు నాలుగుసార్లు గొర్రెను పట్టుకుని దాని పాలు తాగించేవారట. దొడ్డిలోనే ఉన్నితో పక్క వేసేవారట. వేరే కుక్కలతోనూ ఇంట్లో పిల్లలతోనూ కలవనిచ్చేవారు కాదు. ఉరవకొండకూ ఉరుగ్వేకూ ఏ రాకపోకలూ లేవు. అయినా రెండుచోట్లా కాపరులు ఒకే దారి పట్టారు. దాని వెనక ఉన్న కారణాన్ని అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో పుస్తకంగా తెచ్చారు. పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల ఎవరి మధ్య పెరిగితే వాళ్లే దానికి తనవాళ్లు. ఆ గడువు దాటాక నేర్పలేమని కాదు, చాలా కష్టపడాలి.

ఇంటి విషయానికొస్తే, అందరి కళ్లూ కొత్తపిల్ల మీదే ఉంటాయి. నా చూపు మాత్రం ముందున్నవాటి మీదే ఉంటుంది. వేపచెట్టు కింద ముసలి కుక్కకు ఓ తావు ఉంటుంది. అటక మీద పిల్లికి ఓ తావు ఉంటుంది. వాటి తావు చెడకపోతే కొత్తదాన్ని అవే చేర్చుకుంటాయి. పిల్లను తెచ్చే ముందే పెద్దకుక్క పడుకునే గోనెసంచి నుంచి ఓ ముక్క కోసి పంపి, పిల్ల కింద వేయించండి. పిల్ల కింది గుడ్డను తెచ్చి పెద్దకుక్క దగ్గర పడేయండి. ముఖాలు చూసుకునేలోపే వాసనల పరిచయం అయిపోవాలి. మొదటిసారి కలిపేది ఇంటి లోపల వద్దు, బయలులో కలపండి. పెద్దకుక్క మెడతాడు వదులుగా పట్టుకోండి. బిగించి పట్టుకుంటే మన భయం తాడు గుండా దానికి చేరుతుంది.

పెద్దకుక్క గుర్రుమంటే చాలామంది దాన్ని కొడతారు. దయచేసి కొట్టకండి. గుర్రుమనడం అది చెప్పే మాట. గొర్రె నేలను తన్నినట్టే అదీ పిల్లకు హద్దు చెబుతోంది. దెబ్బలకు భయపడి గుర్రుమనడం మానేసిన కుక్క ఓ రోజు చెప్పకుండా కరుస్తుంది. ఆ మాట విని పిల్ల వెనక్కి తగ్గిందా లేదా చూడండి. తగ్గకపోతే పిల్లను పక్కకు తీయండి, పెద్దదాన్ని కాదు. మా ఎండల్లో జగడం తిండి దగ్గర ఎంతో నీళ్ల దగ్గరా అంతే. నీళ్ల గిన్నెలు రెండు, దూరదూరంగా, రెండూ నీడలో ఉంచండి.

పిల్లితో ఇంకా ఓపిక పట్టాలి. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లి ముందు వచ్చి కుక్క తర్వాత వచ్చిన ఇళ్లలో, రెండూ చిన్న వయసులోనే కలిసినచోట పొత్తు బాగా కుదిరిందని తేలింది. పిల్లికి కావాల్సింది ఎత్తు. కుక్కపిల్లకు అందని గూడో అటకో, అక్కడికి ఎప్పుడూ తెరిచి ఉండే దారీ చూపితే అది పైనుంచి నాలుగు రోజులు చూసి తనంతట తానే దిగుతుంది. పరుగెత్తే పిల్లిని చూస్తే కుక్కపిల్లకు తరమాలనిపిస్తుంది, కాబట్టి ఆ నాలుగు రోజులూ పిల్ల మెడకు తాడు ఉండాలి. కోళ్లకైతే గంప చాలు. పెట్టను పిల్లలతో గంప కింద ఉంచి కుక్కపిల్లను ఎదుట కూర్చోబెడితే, అది గంప సందులో ముక్కు పెడుతుంది, పెట్ట ఒక్క పోటు పొడుస్తుంది. ఆ తర్వాత గంప ఎత్తినా కుక్కపిల్ల ఒకడుగు దూరంలోనే ఆగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టి చెప్పేది రోగాల గురించి. కొత్తపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయించాలి. మూడు నెలలకు రేబీస్ టీకా తప్పనిసరి. ముసలి కుక్క టీకాల గడువూ అప్పుడే చూసుకోవాలి. మందలో కలిపే పిల్లకు నట్టల మందు మరీ ముఖ్యం. ఒకేవైపు గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే గొర్రెలను కాపరులందరూ చూసే ఉంటారు. అలాంటి గొర్రె మెదడులో నీటితిత్తి పెరుగుతుంటుంది. ఆ గొర్రెను కోసినప్పుడు తలకాయ కుక్కకు వేస్తే, తిత్తిలోని పురుగు కుక్క పేగుల్లో బద్దెపురుగై, దాని గుడ్లు పెంటతో గడ్డి మీద పడి, మళ్లీ గొర్రెల్లోకి పోతాయి. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో వచ్చే తిత్తుల్లో ఇంకో రకం ఉంది, అది కుక్క నుంచి మనిషికీ అంటుతుంది. పచ్చి తలకాయలూ కాలేయాలూ ఊపిరితిత్తులూ కుక్కలకు వేయకుండా లోతుగా పూడ్చిపెట్టండి. పెద్దకుక్కలకు మూడు నెలలకోసారి బద్దెపురుగుల మందు పట్టించండి. ప్రాజిక్వాంటెల్ ఉన్నదే ఇమ్మని పశువుల ఆసుపత్రిలో పేరు చెప్పి అడగండి. కుక్కపిల్లకు రెండు వారాల వయసు నుంచే నట్టల మందు మొదలుపెట్టవచ్చు, ఎంత పట్టాలన్నది దాని బరువు చూసి డాక్టరు చెబుతారు.