చవక ఎన్‌కోడరు – బిట్ల లెక్క

బ్రష్షులు గల మోటారులో ఏ తీగచుట్టకు ఎప్పుడు విద్యుత్తు అందవలెనో కమ్యుటేటరు తిరుగుచునే నిర్ణయించును. బ్రష్షులు లేని మోటారులో ఆ పని ఎలక్ట్రానిక్ వలయముది. రోటారు ఏ కోణమున ఉన్నదో దానికి ఎవరో ఒకరు చెప్పవలెను కదా! ఇందుకు ఇప్పుడు విద్యార్థులు విరివిగా కొనుచున్నది ఎ.ఎస్. 5600 అను చిన్న చిప్పు. వ్యాసము వెంట అయస్కాంతీకరించిన బిళ్ళనొకదానిని ఇరుసు చివర అతికించి, ఎదురుగా చిప్పును నిలిపిన చాలును.

దీనిని గూర్చి అందరును చెప్పు గొప్ప ఒక్కటే: 12 బిట్లు. అనగా ఒక చుట్టును 4,096 భాగములు చేయును, ఒక్కొక్కటి 0.088 డిగ్రీ. సంఖ్య నిజమే. మోటారుకు కావలసినది మాత్రము అది కాదు.

చిన్న డ్రోను మోటారులలో 14 ధ్రువములు, అనగా 7 జంటలు గలవి సాధారణము. రోటారు ఒక చుట్టు తిరుగు లోపల తీగచుట్టలలోని విద్యుత్తు 7 ఆవృత్తులు పూర్తిచేయవలెను. కనుక కోణములోని తప్పు విద్యుత్కోణమున ఏడింతలగును. బిట్ల వలన కలుగు తప్పు ఏడింతలైనను 0.6 డిగ్రీయే, దానిని విడిచిపెట్టవచ్చును. బిళ్ళ కేంద్రము నుండి తొలగి అతుకుట వలన 5 డిగ్రీల తప్పు వచ్చినదనుకొనుడు. అది 35 డిగ్రీలగును. దాని కొసైను 0.82. అనగా ఆ స్థానమున తిప్పుబలము నూటికి 18 పాళ్ళు పోయినది. తీగచుట్టల వేడి మాత్రము తగ్గలేదు. మూడు హాల్ స్విచ్చులు ఆవృత్తిని ఆరు భాగములే చేయును. అయినను వాటిని సరిగా అమర్చినచో సగటు నష్టము నూటికి 5 లోపే! 4,096 భాగముల కంటె ఆరు భాగములు మేలైనవి. జిగురు పూసిన చేతి నేర్పు ముందు బిట్లు ఏపాటి?

కాలము మాట వేరు. నిమిషమునకు 3,000 చుట్లనగా సెకండుకు 350 ఆవృత్తులు. సెకండుకు 4 లక్షల బిట్ల వేగమున కోణమును చదువుటకే సుమారు సెకండులో పదివేలవ వంతు పట్టును. అంతలో విద్యుత్కోణము 12 డిగ్రీలకు పైగా జరిగిపోవును. వేగము నిలకడగా ఉన్నచో దీనిని లెక్కకట్టి సవరింపవచ్చును. మాటిమాటికి మారునప్పుడు ఆ సవరణ అంత నమ్మదగినది కాదు.

తయారుదారుల దోషమిందులేదు. రేడియోలో శబ్దము హెచ్చించు నాబు వెనుక ఉండు పొటెన్షియోమీటరు వంటి వాటికి బదులుగా దీనిని ఉద్దేశించినట్లు వారి వివరపత్రమే చెప్పుచున్నది. మోటారుకు కట్టినది మనము. నెమ్మదిగా కదలు రోబో చేతికి ఇది మంచి బేరమే. వేగము కావలసిన చోట నేను హాల్ స్విచ్చులనే కోరుదును.

కొన్నవారు ఒక పరీక్ష చేయవచ్చును. మోటారు తీగలలో రెండింటికి కొద్దిపాటి ఏకముఖ విద్యుత్తు పంపి, రోటారును చేతితో నెట్టుచు పోయిన, అది చుట్టుకు ఏడు చోట్ల నిలుచును. ఒక్కొక్క చోట ఎన్‌కోడరు చూపు సంఖ్యను వ్రాసికొనుడు. వరుస సంఖ్యల మధ్య 585 ఉండవలెను; ఒకచోట 540, మరొకచోట 630 వచ్చినచో బిళ్ళను ఊడదీసి మరల అతికింపవలసినదే.