చరితమును చరిత్రమును: కళాశాలలందలి చరిత్రపాఠముల విమర్శనము

చరిత, చరిత్ర శబ్దములు రెండును లోకమున నేకార్థకములుగా వాడబడుచున్నవి. ధాతు వొక్కటియే యైనను ప్రత్యయములు వేఱు. చరధాతువుపై క్తప్రత్యయము చేరగా 'చరిత' మగును. అది నడచినది, ఆచరింపబడినది యను నర్థము నిచ్చును. ఆ ధాతువుపైననే కరణార్థమున పాణిని విధించిన ఇత్రప్రత్యయము చేరగా 'చరిత్ర' మగును. ఖనిత్రము, లవిత్రము, అరిత్రము అను పదములును ఆ సూత్రముచేతనే సిద్ధించుచున్నవి. ఖనిత్రము త్రవ్వుటకు సాధనమగు గునపము. లవిత్రము కోయుటకు సాధనమగు కొడవలి. అరిత్రము పడవ నడపుటకు సాధనమగు తెడ్డు. కావున వ్యుత్పత్తినిబట్టి చూడగా చరితము జరిగిన సంగతి, చరిత్రము నడచుటకు సాధనము. రూఢి యీ భేదమును మఱపించినది. కళాశాలలందు జరుగు చరిత్రపఠనమును పరిశీలించినచో ఆ మఱపు శబ్దమునందే కాక విద్యయందును గలదని తేలును.

నేటి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల కళాశాలలందు చరిత్రవిద్యార్థి సింధునాగరకత మొదలుకొని స్వాతంత్ర్యోద్యమము వఱకు భరతఖండచరిత్రమును, శాతవాహనులు మొదలుకొని ఆంధ్రదేశచరిత్రమును, వానితోపాటు ప్రపంచచరిత్రమునందలి ముఖ్యఘట్టములను సామాన్యముగా చదువును. ఈ విద్యను తెలుగున చదువ వీలు కలుగుట యల్పవిషయము కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి యీ మార్గమున తొలియడుగు వేసినది. 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము వెలువడినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాలలకు వలసిన పుస్తకములను, పారిభాషికపదములను సమకూర్చినది. ఇంత కృషి జరిగిన పిమ్మట భాష లేదను కొఱత లేదు. ఉన్న కొఱత వేఱు. పాఠ్యపుస్తకములు సిద్ధాంతములను మాత్రము చెప్పి, ఆ సిద్ధాంతము లే ప్రమాణముచేత నిలిచినవో చెప్పక విడుచుచున్నవి.

ప్రాచీననాగరకతల ప్రకరణమునే చూడుడు. బాబిలోనియా రాజగు హమ్మురాబి శాసనధర్మములు రాతిపై చెక్కబడి 1901-02 సంవత్సరములలో సూసా నగరపు శిథిలములందు దొరకినవి. ఆ లిపి చదువబడినది, ఆ భాష తెలిసినది. ఈజిప్టులిపి సంగతియు నిట్టిదే. 1799లో దొరకిన రోసెట్టా శిలపై నొకే శాసనము చిత్రలిపిలోను, డెమోటికు లిపిలోను, గ్రీకునందును ఉండుటచేత 1822లో షాంపోలియను దాని రహస్యమును భేదింపగలిగెను. సింధునాగరకతకు అట్టి ద్విభాషాశాసన మింతవఱకు దొరకలేదు. ముద్రలపై లేఖనములు సగటున అయిదు చిహ్నములకు మించవు. ఆ లిపి నేటికిని సర్వసమ్మతముగా చదువబడలేదు. మొహెంజొదారో ముద్రపై మృగములనడుమ కూర్చున్న కొమ్ముల మూర్తిని పశుపతియని జాన్ మార్షలు ఊహించెను. పిమ్మటి పండితులలో కొంద ఱంగీకరింపలేదు. హమ్మురాబి ధర్మము వ్రాతవలన తెలిసినది. సింధుజనుల దేవత ఊహవలన తోచినది. పాఠ్యపుస్తకమున మాత్రము 'హమ్మురాబి శాసించెను', 'సింధుజనులు పశుపతిని పూజించిరి' అని రెండు వాక్యములును ఒకే క్రియారూపముతో, ఒకే ధైర్యముతో నుండును. తెలిసినదానికిని ఊహించినదానికిని భేదము చూపని వాక్యమును చదివిన విద్యార్థి రెంటిని సమానముగా నమ్మును. లేదా యొకటి తప్పని విన్ననాడు రెంటిని సమానముగా త్రోసివేయును.

ఈ భేదమును క్రియయందే చూపవలెనని ప్రాచీనవైయాకరణులు పట్టుపట్టిరి. నేటిది కాని భూతకాలమునకు పాణిని లఙ్ లకారమును, వక్త కంటబడని పరోక్షభూతమునకు లిట్ లకారమును విధించెను. కాత్యాయను డొక వార్తికమును చేర్చెను: పరోక్షమైనను లోకమున ప్రసిద్ధమై, ప్రయోక్త చూడదలచినచో చూడగలిగినంత దగ్గఱికాలమున జరిగినచో అచట లఙ్ లకారమే తగును. దీనికి పతంజలి చూపిన ఉదాహరణములు యవనుడు సాకేతమును ముట్టడించుట, మధ్యమికను ముట్టడించుట. ఆ ముట్టడులు పతంజలి జీవితకాలమున జరిగినవని, మహాభాష్యమున పుష్యమిత్రుని యజ్ఞప్రస్తావము కూడ నుండుటచేత ఆతడు క్రీ.పూ. రెండవ శతాబ్ది నడిమివాడని పండితులు నిర్ణయించిరి. ఉదాహరణములు పూర్వవైయాకరణులనుండి పరంపరగా వచ్చియుండవచ్చునని యాక్షేపించినవారును కలరు. ఒక లకారముపై ఒక దండయాత్రయు, ఒక గ్రంథకర్త కాలమును ఆధారపడియున్న యీ విచిత్రమును కళాశాలావిద్యార్థి వినడు. యవనులు సాకేతమును ముట్టడించి రను ఫలితవాక్యము మాత్ర మాతని చెవిని పడును.

తెలుగునకు లిట్ లేకున్నను 'అట' యను చిన్నమాట కలదు. విన్నదానిని కన్నదానినుండి వేఱుచేయు నీ మాటను పల్లెలో కథ చెప్పు ముదుసలియు మఱవదు, పాఠ్యపుస్తకము మఱచినది.

అశోకుని పాఠ మింతకంటె బోధకము. శాసనములందు ఆ చక్రవర్తి తన్ను 'దేవానాంప్రియు' డని చెప్పుకొనెను. ఇది షష్ఠీవిభక్తి లోపింపని అలుక్సమాసము. 'ఆయుష్మాన్', 'దీర్ఘాయుః' అను మర్యాదాపదముల సరసన పతంజలి దీనిని గౌరవవాచకముగా పేర్కొనెను. భట్టోజి దీక్షితుని సిద్ధాంతకౌముదినాటికి ఈ సమాసమునకు మూర్ఖుడను నర్థము స్థిరపడినది. కౌముదిని మాత్రమే చదివినవా డశోకశాసనమును చూచినచో చక్రవర్తి తన్ను తాను మూర్ఖుడని చాటుకొనెనని నవ్వుకొనును. పదమునకు కాలము కలదని యెఱుగనివానికి శాసన మర్థము కాదు. 1837లో బ్రాహ్మీలిపిని చదివిన జేమ్సు ప్రిన్సెపునకుగూడ ఈ దేవానాంప్రియు డెవరో మొదట తెలియలేదు. సింహళరాజగు దేవానాంప్రియ తిష్యుడని తలచెను. సింహళమున పాళీవంశకథలను పరిశోధించిన జార్జి టర్నరు ప్రియదర్శియే అశోకుడని చూపెను. నేటి కర్ణాటకమున రాయచూరు జిల్లాలోని మస్కిలో 1915లో కనబడిన శాసనమున అశోకనామము స్పష్టముగా నుండుటచే శిలాసాక్ష్యమును లభించినది. ఊహకును శిలాసాక్ష్యమునకును నడుమ డెబ్బదియెనిమిదేండ్లు గడచినవి. కర్నూలు ప్రాంతపు ఎఱ్ఱగుడిలో అశోకశాసన మొకటి కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును వ్రాయబడి నేటికిని కన్నులయెదుట నున్నది. ఆ జిల్లాలో చదువుకొను విద్యార్థికి కళింగయుద్ధపు సంవత్సరము కంఠస్థము. ఎఱ్ఱగుడి బండ మాత్ర మపరిచితము.

శాతవాహనుల కాలనిర్ణయమున నీ లోపము మఱింత బయటపడును. ఒక పుస్తకమున వారి రాజ్యారంభము క్రీ.పూ. మూడవ శతాబ్దియనియు, వేఱొకదానియందు మొదటి శతాబ్దియనియు నుండును. విద్యార్థి దీనిని అచ్చుతప్పుగా తలంచును. లేదా తన పరీక్షకు విధింపబడిన పుస్తకమే సత్యమనుకొనును. ఈ వివాదమునకు ముఖ్యకారణములలో నొకటి సమాసవిగ్రహము. భువనేశ్వరమునకు చేరువ ఉదయగిరిలోని హాథిగుంఫాశాసనమున కళింగరాజగు ఖారవేలుడు నందరాజు త్రవ్వించిన కాలువను తన నగరమునకు పొడిగించితినని చెప్పి, నడుమ గడచిన కాలమును 'తివససత' యని నిర్దేశించెను. సంస్కృతీకరింపగా నిది 'త్రివర్షశత' మగును. మూడు వర్షశతములని విగ్రహము చేసినచో మున్నూఱేండ్లు. త్రయోదశపదమునందువలె అధికశబ్దమును లోపముగా గ్రహించి మూడు వర్షము లధికమైన శతమని చెప్పినచో నూటమూడేండ్లు. నందవంశము క్రీ.పూ. 322 ప్రాంతమున ముగిసినది. కాబట్టి మొదటి విగ్రహమున ఖారవేలుడు క్రీ.పూ. మొదటి శతాబ్ది ఉత్తరార్ధమునకును, రెండవ విగ్రహమున మూడవ శతాబ్ది ఉత్తరార్ధమునకును చెందును. ఆ శాసనముననే శాతకర్ణి పేరుండుటచే ఖారవేలుడు జరిగినప్పుడు శాతవాహనులును జరుగుదురు. నూటతొంబదియేడేండ్ల యంతర మొక విగ్రహవాక్యమున నిమిడియున్నది. పురాణవంశావళులను, నాణెములను, లిపిస్వరూపమును కూడ చేర్చి పలువురు నేడు మున్నూఱేండ్ల పక్షమునే గ్రహింతురు. ఈ రెండు పక్షములను ఒక పుటలో చెప్పినచో, పుస్తకములలోని యంకెలు భేదించుట గ్రంథకర్తల యజాగ్రత్తవలన గాక ప్రమాణభేదమువలన నని విద్యార్థి గ్రహించును.

తేదులకంటె సూక్ష్మముగా పనిచేయునవి పేర్లు. 1817లో జేమ్సు మిల్లు తన బ్రిటిషిండియా చరిత్రమున భరతఖండకాలమును హిందూ, మహమ్మదీయ, బ్రిటిషు భాగములుగా విభజించెను. మిల్లు ఈ దేశమును చూచినవాడు కాడు. ఈ దేశభాష లెఱిగినవాడు కాడు. అట్లయ్యు నా విభాగ మెంత గాఢముగా నాటుకొనెననగా, పరిశోధనమున నంతటి నిష్ఠగల లక్ష్మణరావు గ్రంథములకును హిందూమహాయుగము, మహమ్మదీయమహాయుగము అను పేళ్లే కుదిరినవి. పిమ్మట ప్రాచీన, మధ్య, ఆధునికము లను పేళ్లు వచ్చినవి గాని, పలుతావుల పాతగీతల మీదనే క్రొత్తపేళ్లు నిలిచినవి. ఆ గీతలు సరియైనవా యని శాసనములనే యడుగవచ్చును. ఆ మహమ్మదీయయుగమున పడు విజయనగరరాజులు తమ శాసనములలో 'హిందూరాయసురత్రాణ' బిరుదమును ధరించిరి. సురత్రాణపదము చూపునకు దేవతలను రక్షించువాడను సంస్కృతసమాసమువలె నున్నను సుల్తానుశబ్దమునకు చేసిన సంస్కృతవేషమే యది. గోలకొండ నేలిన ఇబ్రాహీము కుతుబుషాహాను తెలుగుకవులు మల్కిభరాముడనిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నాతని కంకిత మిచ్చెను. సంస్కృతము సుల్తానును సురత్రాణుని జేసినది; తెలుగు ఇబ్రాహీమును భరాముని జేసినది. ఆ కాలమున యుద్ధములు లేవని దీని భావము కాదు. 1565లో విజయనగరము పడిపోయిన సంగతియు ప్రమాణసిద్ధమే. కాని మతము పేర నొక యుగమును మూసివేయు గీత యీ పదములయెదుట నిలువదు.

ఆధునికకాలమునకు వచ్చినను శబ్దవిచారము విడువరాదు. 1879లో గోదావరీ మన్యమున రంపలో పుట్టిన తిరుగుబాటు, 1922-24 నడుమ అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటము, రెండును ప్రభుత్వపు కాగితములలో 'పితూరీ' లని వ్రాయబడినవి. మొదటిదానికి కల్లుపై వచ్చిన అబ్కారీ నియమములును, మన్‌సబుదారుని పీడయు కారణములు. రెండవదానికి అడవిపై విధించిన నిర్బంధములును, బాటలపనిలో వెట్టియు కారణములు. కారణములను చెప్పక పితూరీయని మాత్రమే వ్రాసిన కలము అధికారి కలము. నేటి వాడుకలో పితూరీ యనగా నొకరిపై నొకరు పెద్దలకు చెప్పు చాడీ. దేవానాంప్రియపదమునకు పట్టిన దశయే దీనికిని పట్టినది. రంప పితూరీ యని పాఠమున చదివిన బాలున కా పేరుపెట్టినవా రెవరో, దాని యర్థము నాడేమియో, నే డేమియైనదో చెప్పక విడుచుట చరిత్రము చెప్పుట కాదు.

ఇచట పూర్వపక్ష మొకటి కలదు. పాఠ్యక్రమము విస్తారము, కాలము స్వల్పము. విద్యార్థులకు సంస్కృతప్రాకృతములు రావు. పోటీపరీక్షలలో నాలుగు సమాధానములలో నొకటి గుర్తించుటయే కాని ప్రమాణవిచార మెవ్వ రడుగుదురు? అని. ఇందు సత్యము లేకపోలేదు. ఐనను విద్యార్థులను వైయాకరణులను జేయవలెనని యెవ్వరును కోరుట లేదు. ఒక్కొక్క యుగమునకు ఒక్క శాసనమును తెలుగులిపిలో ప్రకటించి, క్రింద అర్థమును, సందిగ్ధమైన యొక్క పదముపై పండితుల పక్షములను చూపినచో నాలుగు పుటలకు మించదు. ఆఱవ శతాబ్దికి కడపజిల్లా కలమళ్లలోని రేనాటిచోళశాసన మున్నది, అది తెలుగే. 1948లో రెడ్డిరాజ్యముల చరిత్రమును ప్రకటించిన మల్లంపల్లి సోమశేఖరశర్మ శాసనమును కావ్యముతోను, కావ్యమును శాసనముతోను సరిచూచిన పద్ధతి కన్నులయెదుట నున్నది. ఆ పద్ధతినుండి పాఠ్యపుస్తకములు నిర్ణయములను గైకొని నిర్ణయించు విధమును విడిచినవి.

ఇది పండితుల వినోదమునకై కోరునది కాదు. నేడు ప్రతివిద్యార్థి చేతిలోని ఫోనునకు దినమునకు పదింతల చరిత్ర వచ్చిపడుచున్నది: ఈ రాజు మావాడు, ఆ కోట వారిది, ఈ లిపి చదువబడినది, ఆ గ్రంథము పదివేలయేండ్లనాటిది అని. అట్టి వార్తకును పాఠ్యపుస్తకవాక్యమునకును రూపమున భేదము లేదు. రెండును ప్రమాణము చూపక 'జరిగెను' అనియే చెప్పును. మూడేండ్లు చరిత్రము చదివి పట్టము పొందినవాడు 'దీనికి శాసనమేది? అది యెవరు చదివిరి? ఆ పదమున కా కాలమున నర్థమేమి?' అని మూడు ప్రశ్నలు వేయలేనిచో, చదువనివానికిని వానికిని భేదము జ్ఞప్తియందుంచిన తేదుల సంఖ్యమాత్రమే. తేదులు పరీక్ష ముగిసిన మఱుసటియేడు మఱపునకు వచ్చును. ప్రశ్న యడుగు నలవాటు మాత్రము చేతబట్టిన ఖనిత్రమువలె పనికివచ్చును.