హార్ట్ ఐలాండ్, మన కాటిసీను

హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఎరగని తెలుగువారు తక్కువ. కొడుకు శవం ఒళ్లో ఉన్నా చంద్రమతి చేతిలో కాటిసుంకానికి డబ్బు లేదు. కాటికాపరి కన్నతండ్రే అయినా సుంకం వదులుకోలేడు. ఆ సీనులోకి నటులు కవి జాషువా శ్మశాన పద్యాలను తెచ్చుకున్నారు, ఊరూరా జనం అవి మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. పేదవాడి చావుకు దిక్కెవరన్న ప్రశ్న మనకు అంత పాతది.

అదే ప్రశ్నకు న్యూయార్క్ నగరం 1868లో ఒక దీవిని కొని జవాబు చెప్పింది. బ్రాంక్స్ పక్కనున్న ఆ హార్ట్ ఐలాండ్‌లో మరుసటి ఏడు మొదట పూడ్చింది లూయిసా వాన్ స్లైక్ అనే 24 ఏళ్ల అనాథ యువతిని. ఇప్పటికి అక్కడ పది లక్షల మందికి పైగా ఉన్నారు. పొడవాటి కందకం తవ్వి, పైన్ చెక్క పెట్టెలను మూడు వరసల ఎత్తున పేరుస్తారు. ఒక్కో కందకంలో సుమారు నూట యాభై మంది పెద్దలు. దాదాపు ఎవరికీ విడిగా సమాధి రాయి ఉండదు. అయితే పెట్టె మీద పేరు రాస్తారు, ఏ కందకంలో ఎక్కడుందో పుస్తకంలోకి ఎక్కిస్తారు. ఏళ్ల తర్వాత బంధువులొస్తే వెతికి, తవ్వి, అప్పగించిన సందర్భాలున్నాయి.

మన దగ్గర ఈ కథ పత్రికలో జిల్లా పేజీ అడుగున మొదలవుతుంది. గుర్తు తెలియని మృతదేహం, వయసు సుమారు నలభై, గళ్ల చొక్కా, కుడిచేతి మీద పచ్చబొట్టు, వివరాలు తెలిసినవారు ఫలానా స్టేషనుకు ఫోను చేయాలి. పంచనామా, పోస్టుమార్టం, మార్చురీలో నిరీక్షణ. ఎవరూ రాకపోతే మునిసిపాలిటీ పూడ్చిపెడుతుంది. తర్వాత ఎవరైనా వస్తే వెలికితీయడానికి వీలుండాలని చాలాచోట్ల దహనం చేయరు. ఆలోచన మంచిదే. కానీ పూడ్చిన చోటు ఇదని చూపించే పుస్తకం లేకపోతే ఆ ముందుచూపు ఎందుకూ కొరగాదు.

అక్కడ పుస్తకం ఉంది, పక్కన నిలబడేవారు లేరు. ఇక్కడ మాత్రం ఎవరో ఒకరు నిలబడతారు. అయోధ్యలో సైకిళ్లు బాగుచేసే మహమ్మద్ షరీఫ్ కొడుకు పరాయిచోట చనిపోతే, ఆ దేహాన్ని అనాథ శవంగానే సాగనంపేశారు. ఆ తండ్రి అప్పటినుంచి దిక్కులేని శవాలన్నిటికీ తానే దిక్కయ్యాడు. హిందువులకు చితి పేర్చాడు, ముస్లింలకు గోరీ తవ్వాడు. 2020లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. మన ఊళ్లలోనూ చందాలతో పాడె కట్టి, కుండ పట్టి, కొరివి పెట్టే యువకులున్నారు. నాకు వాళ్లంటే ఎనలేని గౌరవం. అయితే ప్రభుత్వం తన బాధ్యతను వాళ్ల పుణ్యానికి వదిలేయడం అన్యాయం.

రెండు చోట్లకూ ఉన్న పోలిక కూడా లోతైనదే. న్యూయార్క్‌లో 1854 చట్టం దిక్కులేని శవాలను వైద్య కళాశాలలకు కోతకు అప్పగించింది. అలాగే బ్రిటన్ 1832 అనాటమీ చట్టం బాటలో మన రాష్ట్రాలూ చట్టాలు చేసుకున్నాయి. అడిగేవారు లేని దేహం మీద అందరికీ హక్కుందనే ఆలోచనే ఈ రెంటికీ మూలం. న్యూయార్క్ 2016లో ఆ దారి మూసి, రాతపూర్వక సమ్మతి తప్పనిసరి చేసింది. మన చట్టాలు ఆ దారిని ఇంకా తెరిచే ఉంచాయి. అలాగే మోసే చేతులూ ఒకటే. అక్కడ 2020 దాకా జైలు ఖైదీలు నామమాత్రపు కూలికి కందకాలు తవ్వారు. ఇక్కడ ఆ పని తరతరాలుగా ఏ కులాల నెత్తిన పడిందో జాషువా పాఠకులకు చెప్పనక్కర్లేదు.

హార్ట్ ఐలాండ్ మారింది, ఊరికే మాత్రం కాదు. ఒకప్పుడు తల్లులను కూడా రేవు దగ్గరి చిన్న మంటపం దాటనిచ్చేవారు కాదు. వాళ్లు కోర్టుకెక్కితే 2015లో సమాధి దాకా దారి దొరికింది. 2021లో దీవి జైళ్ల శాఖ చేతి నుంచి పార్కుల శాఖకు మారింది. మన సుప్రీంకోర్టు కూడా 1995లో పరమానంద్ కటారా కేసులో, మర్యాద హక్కు చనిపోయినవారికీ వర్తిస్తుందని చెప్పింది. ఆ మాట అమలు కావాలంటే ముందు చేయాల్సింది చిన్న పనే. పచ్చబొట్టు ఫోటో, పోలీసు కేసు నంబరు, పూడ్చిన గుంట నంబరు, ఈ మూడూ ఒకే వరసలో రాసిన రిజిస్టరు ప్రతి మునిసిపాలిటీలో ఉండాలి. వెతుక్కుంటూ వచ్చిన తల్లి అడగగానే దాన్ని తెరిచి చూపించాలి.